పాత బాటలకు పూచీ ఎవరిది?

హైదరాబాద్ అప్పా జంక్షన్ దాటి పడమరకు తిరిగితే మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ, పరిగి, కొడంగల్ వరసగా వస్తాయి. ఈ దారిని ఇక్కడివాళ్లు ఇప్పటికీ బీజాపూర్ రోడ్డనే అంటారు. పదిహేడో శతాబ్దంలో వజ్రాల కోసం గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, గోవా నుంచి బీజాపూర్ మీదుగా గోల్కొండ చేరే దారిని తన యాత్రా గ్రంథంలో వివరించాడు. ఆనాటి ఎడ్లబాటకు, ఈనాటి తారు రోడ్డుకు దిక్కు ఒకటే. దక్కను నడిబొడ్డున ఉన్న కోటను పడమటి సముద్రంతో కలపడమే దాని పని. తూర్పున మచిలీపట్నం గోల్కొండకు మరో వాకిలి. పర్షియా ఓడలు, డచ్చి ఓడలు, ఇంగ్లిషు ఓడలు ఆగేది అక్కడే.

ఇలాంటి పాత దారుల పేర్లు కొన్నేళ్లుగా విదేశాంగ శాఖల ప్రకటనల్లో మళ్లీ వినిపిస్తున్నాయి. 2013 సెప్టెంబరులో చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ కజకిస్తాన్ రాజధానిలో ఒక విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ పట్టు దారిని తిరిగి నిర్మిద్దామన్నారు. నెల తిరగకముందే జకార్తాలో ఇండోనేషియా పార్లమెంటు ముందు సముద్రపు పట్టు దారి గురించి ప్రకటించారు. మరుసటి ఏడు భారత ప్రభుత్వం ‘ప్రాజెక్ట్ మౌసం’ మొదలుపెట్టింది. రుతుపవనాల గాలి పట్టుకుని మన ఓడలు వెళ్లిన దేశాలను, సాంస్కృతికంగానైనా సరే, మళ్లీ కలుపుకోవాలన్నది దాని ఉద్దేశం. 2023 సెప్టెంబరు 9న ఢిల్లీ జీ-20 సమావేశంలో ఇండియా–మధ్యప్రాచ్యం–యూరప్ ఆర్థిక కారిడార్ ప్రకటన వచ్చింది. 2025 మేలో అజంతా కుడ్యచిత్రం ఆధారంగా చెక్కపలకలను కొబ్బరి తాళ్లతో కుట్టి తయారుచేసిన ‘కౌండిన్య’ అనే తెరచాప ఓడను కార్వార్‌లో నౌకాదళంలో చేర్చారు.

ఓడ అందంగా ఉంది. కానీ వాణిజ్య మార్గాన్ని అర్థం చేసుకోవాలంటే ఓడనో రోడ్డునో చూస్తే సరిపోదు. సరుకు దారిలో పోతే నష్టం ఎవరిది? సుంకం ఎవరి చేతికి వెళుతుంది? దారి వేయడానికి పెట్టిన సొమ్ము తిరిగి రాకపోతే ఎవరి నెత్తిన పడుతుంది? ఈ మూడింటికీ జవాబు దొరికిన చోట దారి నడిచింది, దొరకని చోట పటంలో గీతగానే మిగిలింది. ఈ లెక్క మనవాళ్లకు కొత్తది కాదు. తెలుగు నేల మీదే ఇందుకు మూడు మంచి ఉదాహరణలున్నాయి.

దూరదేశాల వ్యాపారం ఇక్కడ గోల్కొండతో మొదలవలేదు. చేవెళ్లకు ఉత్తరంగా శంకరపల్లి మీదుగా సంగారెడ్డి జిల్లాలోకి వెళితే కొండాపూర్ వస్తుంది. 1940ల మొదట్లో నిజాం రాజ్య పురావస్తు శాఖ అక్కడ తవ్వితే శాతవాహన నాణేలు, వాటిని పోసిన అచ్చులు, వాటితోపాటు రోమన్ నాణేలు బయటపడ్డాయి. సముద్రానికి ఇంత దూరంలో రోము బంగారం ఏం చేస్తున్నట్టు? ఒకటో శతాబ్దపు గ్రీకు వర్తక గ్రంథం ‘పెరిప్లస్’లో కృష్ణా తీరపు సన్న వస్త్రాల ప్రస్తావన ఉంది. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంది. తూర్పు తీరానికీ పడమటి తీరానికీ మధ్య నేల మీద సరుకు నడిచిన దారిలో కొండాపూర్ ఒక మజిలీ.

ఇక మొదటి ఉదాహరణ మోటుపల్లి. ఇప్పటి బాపట్ల జిల్లా తీరంలో ఉన్న ఆ ఊళ్లో కాకతి గణపతిదేవుడు 1244–45లో ఒక శాసనం వేయించాడు. దాన్ని అభయ శాసనమని పిలుస్తారు. అంతకుముందు రాజులు తుపానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల్లోని బంగారాన్ని, ఏనుగులను, గుర్రాలను, రత్నాలను బలవంతంగా లాక్కునేవారట. తాను అలా చేయననీ, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాననీ గణపతిదేవుడు రాయించి మరీ మాటిచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పైకి ఒకటి. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, మిరియాలు, పోకలు ఇలా సరుకుల వారీగా కొలతలూ చెప్పాడు. శాసనమంతా ధర్మం మాట్లాడుతుంది గానీ లెక్క మాత్రం కోమటి లెక్కంత పక్కాగా ఉంటుంది. నష్టభయంలో కొంత రాజు తన మీద వేసుకున్నాడు కాబట్టి వర్తకుడు ధైర్యంగా రేవుకు వచ్చాడు. ఆ తర్వాత అర్ధశతాబ్దానికి మార్కో పోలో ఈ తీరం గురించీ, వజ్రాల గురించీ, సాలెగూడు పోగంత సన్నని బట్టల గురించీ, ఒక రాణి పాలన గురించీ రాశాడంటే ఆ ధైర్యం ఫలించిందనే అనుకోవాలి.

రెండోది గోల్కొండ ఫర్మానా. ఇంగ్లిషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో కొఠీ పెట్టింది. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా వాళ్లకు ఒక ఫర్మానా ఇచ్చాడు. ఏడాదికి 500 పగోడాలు కట్టేసి, గోల్కొండ రేవుల్లో సరుకు ఎంతైనా దించుకోవచ్చు, ఎక్కించుకోవచ్చు. దాన్ని కంపెనీ వాళ్లు ‘బంగారు ఫర్మానా’ అని మురిసిపోయారు. మురవరా మరి! గణపతిదేవుడు అందరికీ ఒకే రేటు పెడితే, సుల్తాను ఒక్క కంపెనీకి టోకు రేటు పెట్టాడు. సరుకు పెరిగేకొద్దీ లాభం పెరిగింది కంపెనీకి, ఖజానాకు వచ్చేది మాత్రం ఆ 500 దగ్గరే ఆగిపోయింది. దారి తెరవడం ఒకటి, దారి మీద హక్కును అమ్మేయడం మరొకటి. ఈనాటి ఒప్పందాల్లోనూ ఈ రెండింటికీ నడుమ గీత చాలా సన్నగా ఉంటుంది.

మూడో ఉదాహరణ చెప్పేముందు, ఈ దారుల మీద సరుకు నిజంగా మోసిందెవరో చెప్పాలి. లంబాడీలు. వందల ఎద్దుల మీద పెరికలు వేసుకుని ఉప్పు, ధాన్యం దక్కను అంతటా తిప్పిన బిడారులు వాళ్లవే. మొగలు సైన్యాలకు తిండి అందింది వాళ్ల ఎద్దుల మీదే. పరిగి, వికారాబాద్ వైపు ఇవాళ కనిపించే తండాల వెనక ఉన్న చరిత్ర ఇది. రైలు వచ్చాక ఆ పని పోయింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం దేశంలో చాలాచోట్ల వాళ్లను అనుమానితుల జాబితాలో చేర్చింది. కొత్త దారి వేసినప్పుడల్లా పాత దారి మీద బతికినవాళ్ల గతి ఏమిటన్నది ప్రకటనల్లో ఎవరూ రాయరు.

ఆ రైలే మూడో ఉదాహరణ. 1874లో వాడి నుంచి తాండూరు, వికారాబాద్, శంకరపల్లి మీదుగా సికింద్రాబాద్‌కు లైను పడింది. దాంతో హైదరాబాద్ సరుకు ముఖం మచిలీపట్నం వైపు నుంచి బొంబాయి వైపు తిరిగింది. డబ్బు నిజాం ఖజానాది, నిర్మాణం మీదా నిర్వహణ మీదా పెత్తనం బ్రిటిషువాళ్లది. 1883లో ఇంకా గట్టి ఏర్పాటు వచ్చింది. లండన్‌లో ఒక కంపెనీ పెట్టి, ఈ లైనును దానికి అప్పజెప్పి, బెజవాడ వైపూ చాందా వైపూ పొడిగించాలన్నారు. వాటాదారుల పెట్టుబడి మీద 20 ఏళ్లపాటు నూటికి 5 చొప్పున వడ్డీకి నిజాం ప్రభుత్వం పూచీపడింది. రైలు లాభాల్లో నడిచినా నష్టాల్లో నడిచినా లండన్ వాటాదారుకు దిగులు లేదు. ఈ షరతులు బయటపెట్టండని అడిగినవాళ్లలో నిజాం కాలేజీని తీర్చిదిద్దిన అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు. ఆయన సరోజినీ నాయుడి తండ్రి. అడిగినందుకు ఆయన్ని హైదరాబాద్ నుంచి బహిష్కరించారు. అప్పు షరతులు చెప్పమంటే కోపం రావడం ఆనాటి నుంచీ ఉన్నదే.

ఈ మూడూ మనసులో ఉంచుకుని చైనా పని చూద్దాం. చైనాకు ఉక్కు, సిమెంటు, నిర్మాణ కంపెనీలు అవసరానికి మించి ఉన్నాయి. లోపలి పశ్చిమ రాష్ట్రాలకు సముద్రం లేదు. చమురు మలక్కా జలసంధి అనే ఇరుకు సందులోంచి రావాలి. ఈ మూడు ఇబ్బందులకు ఒకటే మందు: పొరుగు దేశాలకు అప్పులిచ్చి, తన కంపెనీలతోనే రోడ్లు, రేవులు కట్టించడం. పట్టు దారి అన్న పేరు దానికి పెట్టిన అందమైన తొడుగు. శ్రీలంకలోని హంబన్‌తోట రేవు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. చైనా అప్పుతో కట్టారు, ఓడలు అనుకున్నన్ని రాలేదు, 2017లో 99 ఏళ్లకు చైనా కంపెనీకి లీజుకిచ్చారు. వచ్చింది సుమారు 112 కోట్ల డాలర్లు. అయితే మన దగ్గర చెప్పుకొన్నట్టు, అప్పు తీర్చలేక రేవును జప్తు చేసుకున్నారనడం సరికాదు. లీజు సొమ్ము వచ్చినా ఆ అప్పు అలాగే ఉంది. శ్రీలంకను ముంచినవాటిలో పాశ్చాత్య బాండ్ల మార్కెట్లో తెచ్చిన అప్పులది పెద్ద వాటా. తప్పంతా ఒక్కరి మీద వేస్తే మనకు నేర్చుకోవడానికి ఏమీ మిగలదు.

భారతదేశం చైనా పథకంలో చేరలేదు. అందులో భాగమైన చైనా–పాకిస్తాన్ కారిడార్, మనదని మనం చెప్పే గిల్గిత్ బాల్టిస్తాన్ మీదుగా వెళుతుంది. 2017 మేలో బీజింగ్‌లో జరిగిన పెద్ద సమావేశానికి అందుకే మన ప్రభుత్వం వెళ్లలేదు. చేరకపోవడం సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం. అయితే చేరనంత మాత్రాన చైనా సరుకు మన గుమ్మం తొక్కకుండా ఆగలేదు. దాని సంగతి చేవెళ్ల పూల దగ్గర చెబుతాను.

మనం మన దారులు వెతుక్కున్నాం. మొదటిది ఇరాన్‌లోని చాబహార్ రేవు. పాకిస్తాన్ గడప తొక్కకుండా అఫ్గానిస్తాన్‌కూ మధ్య ఆసియాకూ చేరడానికి ఇదొక ముఖ్యమైన మార్గం. 2016లో మూడు దేశాల ఒప్పందం, 2017లో అఫ్గానిస్తాన్‌కు గోధుమలు, 2024 మే 13న రేవు నిర్వహణకు పదేళ్ల కాంట్రాక్టు. మన సొమ్ము, మన క్రేన్లు, మన కంపెనీ. కానీ ఇరాన్ మీద అమెరికా ఆంక్షలున్నాయి. మనకిచ్చిన మినహాయింపును 2025 సెప్టెంబరులో తీసేస్తామని వాషింగ్టన్ ప్రకటించి, తర్వాత ఆరు నెలలు గడువిచ్చింది. రేవు ఇరాన్‌ది, పెట్టుబడి మనది, తాళం మూడోవాళ్ల జేబులో. మోటుపల్లిలో అభయం ఇచ్చినవాడి చేతిలోనే రేవూ సైన్యమూ ఉన్నాయి. ఇక్కడ ఆ సౌకర్యం లేదు.

రెండోది జీ-20లో ప్రకటించిన కారిడార్. మన పడమటి రేవుల నుంచి ఓడలో యూఏఈకి, అక్కడి నుంచి రైల్లో సౌదీ, జోర్డాన్ మీదుగా ఇజ్రాయెల్‌లోని హైఫాకు, మళ్లీ ఓడలో యూరప్‌కు. సంతకాలు చేసినవాళ్లు తక్కువవాళ్లు కాదు: అమెరికా, సౌదీ, యూఏఈ, యూరోపియన్ యూనియన్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, మనం. నెల తిరగకుండానే ఇజ్రాయెల్ మీద అక్టోబరు 7 దాడులు, గాజా యుద్ధం. సౌదీ, ఇజ్రాయెల్ చేతులు కలుపుతాయన్న నమ్మకం మీద గీసిన గీత నడుమ తెగింది. నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో హౌతీల దాడులతో ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగాల్సి వచ్చింది. విచిత్రమేమిటంటే, ప్రత్యామ్నాయ దారి ఎందుకు కావాలో రుజువు చేసిందీ, ఆ దారిని ఆపేసిందీ ఒకే యుద్ధం.

యుద్ధం లేకపోయినా ఇందులో ఒక లెక్క ఉంది, అది పాఠకులు గమనించాలి. పెద్ద కంటైనర్ ఓడ ఒకటి 20 అడుగుల పెట్టెలు 20 వేలకు పైగా మోస్తుంది. మన దగ్గర మామూలు రెండంతస్తుల గూడ్సు రైలు మోసేది రెండు వందల లోపే. అంటే ఒక్క ఓడ సరుకు ఎడారి దాటించాలంటే అలాంటి రైళ్లు నూరుకు పైగా కావాలి. ఓడ నుంచి రైలుకు, రైలు నుంచి ఓడకు దించి ఎక్కించే ఖర్చు అదనం. సూయజ్ కాలువ తెరిచి ఉన్నంతకాలం బరువైన, చవకైన సరుకు ఇటు రాదు. తొందర ఉన్న సరుకో ఖరీదైన సరుకో వస్తుంది. ఆనాడు గోల్కొండ నుంచి ఎద్దుల మీద వెళ్లి గిట్టుబాటైనవీ వజ్రాలు, సన్న బట్టలే కదా. కాబట్టి ఈ కారిడార్ సూయజ్‌కు పోటీ కాదు. మొయినాబాద్ ఫంక్షన్ హాల్లో జనరేటర్ లాంటిది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఊరికే ఉంటుంది, పెళ్లి నడుమ కరెంటు పోయిన రోజు దాని విలువ తెలుస్తుంది. కొన్న ఖర్చు, కాపాడే ఖర్చు మాత్రం ఏడాది పొడవునా ఎవరో ఒకరు పెట్టుకోవాలి. ఆ ఎవరో ఎవరన్నది 2023 పత్రంలో లేదు. అంతర్జాతీయ చట్టం కింద ఎవరికీ హక్కులు గానీ బాధ్యతలు గానీ దీనివల్ల రావని ఆ పత్రమే చెబుతుంది. ఇంకో ముచ్చట. ఈ దారి యూరప్‌లో దిగే రేవుల్లో ఒకటిగా అనుకుంటున్న గ్రీసులోని పిరియస్‌లో మూడింట రెండు వంతుల వాటా చైనా ప్రభుత్వ కంపెనీ కాస్కోది.

ఇప్పుడు చేవెళ్ల. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో పరిశ్రమలను, పెద్ద నిర్మాణాలను కట్టడి చేసింది. మొయినాబాద్ మండలంలో చాలా ఊళ్లు అందులో ఉన్నాయి. ఫ్యాక్టరీలు రాలేదు కాబట్టి ఈ వైపు కూరగాయలు, పూలు నిలిచాయి. బంతి, చామంతి, గులాబీ గుడిమల్కాపూర్ మార్కెట్టుకు వెళతాయి. తెలంగాణ వచ్చాక ప్రభుత్వం పాలీహౌస్‌లకు 75 శాతం సబ్సిడీ ఇచ్చింది. జెర్బరా, కార్నేషన్ పెంచడం ఊపందుకుంది. జెర్బరా రకాల్లో చాలావాటిని రూపొందించింది డచ్చి కంపెనీలు. నాలుగు వందల ఏళ్ల కిందట మచిలీపట్నంలో బట్ట కొనడానికి వచ్చినవాళ్లు ఇప్పుడు చేవెళ్ల రైతుకు మొక్క అమ్ముతున్నారు.

ఈ రైతును దెబ్బ కొట్టింది ప్లాస్టిక్ పూలు. ఫంక్షన్ హాళ్ల స్టేజీల మీద, పెళ్లి పందిళ్ల మీద వాడిపోని గులాబీలు పరుచుకున్నాక అసలు పూలకు ముహూర్తాల రోజుల్లో కూడా ధర పలకడం లేదని పాలీహౌస్ రైతులు మొత్తుకుంటున్నారు, నిషేధించమని ఢిల్లీ దాకా అడిగారు. ఆ పూలలో ఎక్కువ భాగం చైనావి. చైనా చిల్లర సరుకుకు రాజధాని లాంటి యివూ పట్టణం నుంచి 2014లో స్పెయిన్‌లోని మాడ్రిడ్‌కు సుమారు 13 వేల కిలోమీటర్ల గూడ్సు రైలు నడిపి, కొత్త పట్టు దారికి గుర్తుగా ప్రపంచానికి చూపించారు. మన ఫంక్షన్ హాలుకు సరుకు చేరడానికి అలాంటి రైలు గానీ ఒప్పందం గానీ అక్కర్లేకపోయింది. మామూలు ఓడలో, మామూలు కంటైనర్‌లో వచ్చింది. చవకగా, పెద్ద ఎత్తున తయారుచేయగలిగినవాడికి దారి దానంతటదే దొరుకుతుంది. తయారుచేయలేనివాడికి కారిడార్ వేసి ఇచ్చినా, దాని మీద వచ్చేది ఎదుటివాడి సరుకే.

మరి చేవెళ్ల పూలు విదేశాలకు వెళ్లగలవా? కోసిన గులాబీని రెండు నుంచి నాలుగు డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, అదీ కోసిన కొద్ది గంటల్లోనే. కాబట్టి ఈ రైతుకు అసలు రేవు హైఫా కాదు, పిరియస్ కాదు, శంషాబాద్ విమానాశ్రయం. తోట నుంచి అక్కడికి చల్లటి బండి, మార్గమధ్యంలో చల్లటి గది, నాణ్యత చూసి కట్టలు కట్టే షెడ్డు ఉండాలి. ఇవి లేకపోతే యూఏఈతో 2022 మే నుంచి అమల్లో ఉన్న వాణిజ్య ఒప్పందంలో సుంకం ఎంత తగ్గినా పూవు ఎక్కదు. విదేశాంగ విధానం అనగానే మన కళ్లు సరిహద్దుల వైపు పోతాయి గానీ, సరుకు ఆగిపోయేది చాలాసార్లు ఊరి పొలిమేరలోనే.

ఆ మాటకొస్తే బీజాపూర్ రోడ్డు సంగతే చూడండి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు నాలుగు వరసలు చేయడానికి 2022లో భూమిపూజ జరిగింది. రోడ్డుకు ఇరువైపులా తొమ్మిది వందల దాకా పెద్ద మర్రిచెట్లున్నాయి. వాటిని కాపాడాలని పర్యావరణవాదులు హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. చెట్లను వదిలిపెట్టి దారి మలిచే ప్రణాళిక మొదటే గీసి ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదు. ఈలోగా 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. చెట్లవాళ్లది తప్పా, రోడ్డువాళ్లది తప్పా అని వాదనలు జరిగాయి. మర్రిచెట్టును శత్రువుగా చూపడం సులువు, ఏళ్ల తరబడి కదలని ఫైలును చూపడం కష్టం. మూడు ఖండాలను కలిపే కారిడార్ గురించి వింటున్నప్పుడు ఈ 46 కిలోమీటర్లు గుర్తుపెట్టుకోవడం మంచిది.

తూర్పు వాకిలి మళ్లీ తెరుచుకునే సూచనలు మాత్రం ఉన్నాయి. మచిలీపట్నంలో కొత్త రేవు పనులు 2023 మేలో మొదలయ్యాయి. సముద్రం లేని తెలంగాణ డ్రైపోర్టు కట్టుకుని, బందరుకు నేరుగా కొత్త రోడ్డు కావాలని అడుగుతోంది. రెండు రాష్ట్రాలు పడే పేచీల నడుమ ఇది ఎంత త్వరగా అవుతుందన్నది వేరే సంగతి. కానీ పాత దారి పునరుద్ధరణ అన్న మాటకు తెలుగువాళ్లకు దగ్గరి అర్థం ఇదే. ఖర్చు, సుంకం, పూచీ అన్నీ రెండు ప్రభుత్వాల పరిధిలో, కేంద్రం కనుసన్నల్లో తేలేవే.

ఈ ప్రాంతం నుంచి ఏ కారిడార్ కోసమూ ఆగకుండా వెళ్తున్న ఎగుమతి ఒకటుంది. మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ గుడికి వీసా కోసం మొక్కుకునేవాళ్లు 11 ప్రదక్షిణలు చేస్తారు, వీసా వచ్చాక 108 చేస్తారు. ఆ వరసలో నడిచేవాళ్ల భవిష్యత్తు కూడా ఇప్పుడు వాణిజ్య ఒప్పందాల్లోనే తేలుతోంది. 2025 జులై 24న బ్రిటన్‌తో సంతకం చేసిన ఒప్పందంతో పాటు ఒక ఏర్పాటు కుదిరింది. కంపెనీ తాత్కాలికంగా అక్కడికి పంపిన భారతీయ ఉద్యోగి, అతని యజమాని కొన్నేళ్లపాటు అక్కడి సామాజిక భద్రత చందా కట్టనక్కర్లేదు, ఇక్కడ కడితే చాలు. సుంకాల పట్టికల నడుమ పత్రికల్లో నాలుగు వాక్యాలకు మించి చోటు దొరకని విషయం అది. అమలైన నాటి నుంచి హైదరాబాద్ నుంచి ప్రాజెక్టు మీద లండన్ వెళ్లే ఇంజినీరు జీతం చీటీలో అది నెలనెలా కనిపిస్తుంది. ఇలాంటి ఏర్పాటు అమెరికాతో కూడా కావాలని భారత ప్రభుత్వం ఏళ్లుగా అడుగుతోంది. ఇంకా కుదరలేదు.